తెల్ల రంగు దాచుకోండి: కృష్ణ మీద సాయంత్రాన్ని ఆయిల్ రంగుల్లో వెయ్యడం

నది మీద సూర్యాస్తమయాన్ని ఆయిల్ రంగుల్లో వెయ్యాలనుకునేవాళ్లు ముందుగా ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. మన దగ్గర సూర్యుడు లేడు. ఉన్నది ఒక తెల్ల రంగు ట్యూబు. ఆ తెలుపు తన మీద పడిన వెలుతురులో మహా అయితే తొంభై శాతం వెనక్కి పంపుతుంది. నల్ల రంగు కూడా మూడు, నాలుగు శాతం పంపుతూనే ఉంటుంది. అంటే కాన్వాస్ మీద బాగా వెలుగున్న చోటుకీ బాగా చీకటిగా ఉన్న చోటుకీ తేడా ఇరవై, ముప్పై రెట్లు. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి పడమటికి చూస్తే సూర్యుడికీ గట్టు కింది నీడకీ మధ్య తేడా వేల రెట్లు దాటిపోతుంది.

ఆ వేల రెట్లని ఈ ముప్పై రెట్లలో ఎలా ఇమడ్చాలి? మన బ్రాంచి వాళ్లు దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. ఫోన్‌లో హెచ్‌డీఆర్ చేసే పని అదే. చిత్రకారులు కంప్యూటర్లు లేని రోజుల నుంచీ దాన్ని చేత్తో చేస్తున్నారు. వాళ్ల పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలంటే: సూర్యుణ్ణి ఇంకా వెలిగించలేం కాబట్టి మిగతా అన్నిటినీ కాస్త తగ్గించాలి. ఈ వ్యాసం అంతా ఆ "తగ్గించడం" గురించే.

ఒక ప్రాంప్ట్ చాలదా?

"సన్‌సెట్, రివర్, ఆయిల్ పెయింటింగ్" అని టైప్ చేస్తే పది సెకన్లలో బొమ్మ వస్తుంది కదా, ఇంత తంటా ఎందుకు అని మా హాస్టల్లో అందరూ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వచ్చిన బొమ్మని ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎక్కువసార్లు ఆకాశం అంతా ఆరెంజ్, నీళ్లన్నీ ఆరెంజ్, పక్కన ఒక నల్లటి చెట్టు. లక్షల సూర్యాస్తమయాలు కలిపి తీసిన సగటు అది. అందులో కృష్ణ ఉండదు. ఫిబ్రవరిలో మిరపకాయలు ఆరబోసిన కల్లాల మీద లేచే దుమ్ము ఉండదు.

ఇంకో సంగతి. పన్నెండో తరగతి దాకా ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు సాయంత్రం ఆకాశానికి ఉన్న మాటలు మూడే: ఆరెంజ్, పింక్, పర్పుల్. మూడు మాటలున్న మనిషి ప్యాలెట్ మీద మూడు రంగులే పిండుతాడు. మిగతా రంగుల పేర్లు నాకు దొరికింది గుంటూరులో చీరల కొట్లో, అమ్మ పక్కన కూర్చుని: గంధం రంగు, ఉల్లిపొర రంగు, తేనె రంగు, వంకాయ రంగు, ఇటుక రంగు, పావురాయి రంగు, నెమలికంఠం. కొట్టులో అమ్మాయి ఒక్కో చీర విప్పుతూ ఇవన్నీ తడుముకోకుండా చెప్పేస్తుంది. వీటిలో సగం మందమైన రంగులు, బూడిద కలిసిన రంగులు. సూర్యాస్తమయం కాన్వాస్‌లో ముప్పావు భాగం సరిగ్గా ఇలాంటి రంగులే. ఆకాశం వంక చూసి "పింక్" అంటే చెయ్యి ట్యూబు మీదకు పోతుంది. "ఉల్లిపొర" అంటే చెయ్యి ఆగి, ఏం కలపాలో ఆలోచిస్తుంది.

మన దగ్గర వేసినవాళ్లు

తెలుగు నేల మీద ఆధునిక చిత్రకళ చెప్పుకోవాలంటే గోదావరి ఒడ్డు నుంచే మొదలుపెట్టాలి. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. ఆయన ప్రోత్సాహంతో దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి, తిరిగొచ్చి రాజమండ్రిలోనే పనిచేశారు. నీటి రంగులూ, నూనె రంగులూ రెండూ వాడారు. మశూచితో 28 ఏళ్లు నిండకముందే పోయారు. రాజమండ్రిలో ఆయన పేరుతో ఉన్న గ్యాలరీకి వెళ్తే అసలు బొమ్మలు చూడొచ్చు. నవలలు రాసిన అడివి బాపిరాజు కూడా ఆ కూల్డ్రే శిష్యుడే. కాబట్టి సాహిత్య క్లబ్బులో బొమ్మల గురించి ఏంటని ఎవరూ అడగక్కర్లేదు.

మన జిల్లాకి వస్తే తెనాలి దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) ఉన్నారు. హిమాలయాల్లో, కులు లోయలో ఉన్న రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గరకు వెళ్లి వచ్చిన మనిషి. ప్రపంచ కళ గురించి తెలుగులో రాస్తూ, పాస్టెల్స్‌తో, నీటి రంగులతో ప్రకృతి దృశ్యాలు వేస్తూ ఆ పల్లెలోనే బతికారు. మన పొలాల మధ్య కూర్చుని ఆకాశాన్ని సీరియస్‌గా చూసినవాళ్లు ముందే ఉన్నారని తెలిస్తే కొంచెం ధైర్యం వస్తుంది.

ఆకాశం ఎలా తయారవుతుంది

గాలి అణువులు నీలం కాంతిని ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదరగొడతాయి (రేలీ స్కాటరింగ్, తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతానికి విలోమంగా). సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడు కాంతి దాటాల్సిన గాలి పొరని ఒకటి అనుకుంటే, దిగంతంలో ఉన్నప్పుడు అది దాదాపు 38. అన్ని పొరలు దాటేసరికి నీలం దారిలోనే చెదిరిపోయి పసుపూ ఎరుపూ మిగులుతాయి. దుమ్ము, పొగ, తేమ కలిస్తే దిగంతం దగ్గర రంగు మసకబారుతుంది.

పెయింటర్‌కి ఇందులో పనికొచ్చే ముక్క ఇది: ఆకాశం ఒకే రంగు కాదు, వరస. సూర్యుడి చుట్టూ లేత పసుపు, దాని బయట తేనె రంగు, తర్వాత ఉల్లిపొర, ఆపైన పావురాయి రంగు, నడినెత్తిన బూడిద కలిసిన నీలం. ఈ వరసలో ఉల్లిపొర పట్టీ చాలా ముఖ్యం. అది లేకుండా పసుపుని నేరుగా నీలంలోకి కలిపితే ఆకాశంలో ఆకుపచ్చ పుడుతుంది. మధ్యలో కొంచెం ఎరుపు కలిసిన పట్టీ ఉంటే ఆ గొడవ రాదు.

ఎక్కడ, ఎప్పుడు

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. దాని ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి ప్రతిబింబాలు బాగుంటాయి. సీతానగరం వైపు నుంచి ఎగువకు చూస్తే ఎడమన ఉండవల్లి కొండలు, కుడివైపు ఇంద్రకీలాద్రి, దూరంగా భవానీ ద్వీపం. అమరావతి ఘాట్ ఇంకా ప్రశాంతం. ప్రకాశం జిల్లా వాళ్లకి గుండ్లకమ్మ ఉంది. సన్నటి నది, ఇసుక, తుమ్మచెట్లు. చిన్న కాన్వాస్‌కి అదే మేలు.

సూర్యుడు ఏడాది పొడవునా ఒకేచోట అస్తమించడు. మన అక్షాంశం దగ్గర (సుమారు 16.5 డిగ్రీలు) సరిగ్గా పడమర నుంచి డిసెంబరులో దక్షిణానికీ, జూన్‌లో ఉత్తరానికీ దాదాపు 24 డిగ్రీలు జరుగుతాడు. అంటే చలికాలంలో ఎడమన కొండల వైపు దిగే సూర్యుడు ఎండాకాలం కుడివైపుకి వెళ్తాడు. చోటు ఎంచుకునే ముందు ఇది చూసుకోండి.

రుతువుల్లో అక్టోబరు, నవంబరు మేఘాలకి మంచివి. పత్తి తీతలు సాగే డిసెంబరు, జనవరిల్లో నీటి మీద సన్నటి మంచు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దుమ్ము, మిరప కల్లాలు, పెద్ద ఎర్రటి బింబం. మే నెలలో ఆకాశం తెల్లగా కాలిపోయి ఉంటుంది, రంగు తక్కువ. వరదలప్పుడు నీళ్లు ఎర్రమట్టి రంగులో ఉంటాయి.

టైం చాలా తక్కువ. బింబం అంచు దిగంతాన్ని తాకాక పూర్తిగా మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు. ఆ తర్వాత వెలుతురు ఉపయోగపడేది ఇరవై నిమిషాలు. ఆ లోపు ఆయిల్ బొమ్మ పూర్తి కాదు. అక్కడ చెయ్యాల్సింది పెన్సిల్‌తో చిన్న స్కెచ్, దాని మీద ఒక్కో భాగానికి 1 నుంచి 5 దాకా వెలుగు నంబరు (1 బాగా వెలుగు, 5 బాగా చీకటి), పక్కన రంగుల పేర్లు. చీరల కొట్టు పేర్లు ఇక్కడే అక్కరకొస్తాయి. ఫోటో ఆకారాల కోసం తీసుకోండి, రంగుల కోసం కాదు. ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ మీరు చూసిన పసుపుని "సరిదిద్ది" ఇస్తుంది. సూర్యుడి వంక నేరుగా తేరిపార చూడొద్దు.

సామాను

12×16 అంగుళాల కాటన్ కాన్వాస్. మన పత్తి లాంటి పత్తితోనే నేసిన గుడ్డ. గుడ్డకి నేరుగా నూనె తగిలితే కాలక్రమంలో కుళ్లిపోతుంది, అందుకే మధ్యలో జెస్సో అనే ప్రైమర్ పూత. కొట్లో దొరికే కాన్వాస్‌కి సాధారణంగా పూసే ఉంటుంది.

రంగులు ఏడు చాలు: టైటానియం వైట్, లెమన్ యెల్లో, యెల్లో ఓకర్, వెర్మిలియన్, క్రిమ్సన్, బర్న్ట్ సియన్నా, అల్ట్రామెరైన్ బ్లూ. బర్న్ట్ సియన్నా కాల్చిన మట్టి రంగు, మన కావికి చుట్టం. అల్ట్రామెరైన్ ఒకప్పుడు ఖరీదైన రాయి నుంచి తీసేవాళ్లు. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు. తెల్లబట్టలకు పెట్టే నీలం పొడిలో వాడే రంగు కూడా అదే. నల్ల రంగు ట్యూబు కొనొద్దు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియన్నా సమానంగా కలిపితే నలుపుకి దగ్గరి ముదురు రంగు వస్తుంది, దాన్ని వెచ్చగానో చల్లగానో జరుపుకోవచ్చు.

వీటిని కలిపి ఉంచేది అవిసె నూనె. ఈ నూనె నీళ్లలా ఆవిరైపోదు. గాలిలో ఆక్సిజన్ తీసుకుని పాలిమర్‌గా గట్టిపడుతుంది. అందుకే రోజుల తరబడి తడిగా ఉంటుంది, అందుకే ఆకాశంలో రంగుని రంగులోకి మెల్లగా కలపడానికి ఇంత టైం దొరుకుతుంది. పల్చన చెయ్యడానికి టర్పెంటైన్. ఒక్క రూలు: కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో నూనె ఎక్కువ. తిరగేస్తే పై పొర ముందు ఆరి, కింది పొర తర్వాత కదిలి, బొమ్మ పగుళ్లిస్తుంది.

వేసే వరస

ఒకటి. బర్న్ట్ సియన్నాని టర్పెంటైన్‌తో పల్చగా చేసి కాన్వాస్ అంతా పూసి గుడ్డతో తుడవండి. తెల్ల కాన్వాస్ మీద ఏ రంగైనా ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. కావి నేల మీద వెలుగూ చీకటీ రెండూ సరిగ్గా కనిపిస్తాయి.

రెండు. నీటి గీత మధ్యలో వద్దు, పైన మూడో వంతులోనో కింద మూడో వంతులోనో. స్కేలు పెట్టి అడ్డంగా సరిగ్గా గీయండి. అది ఒక్క మిల్లీమీటరు వాలినా నది కారిపోతున్నట్టుంటుంది.

మూడు. ఆకాశం. సూర్యుడి చోటు వదిలేసి చుట్టూ వరస పెట్టండి. ఇక్కడే అసలు పరీక్ష. ప్రతి రంగునీ మీకు కనిపించినదానికంటే ఒక మెట్టు మందంగా కలపండి. నారింజ రంగుకి చిటికెడు నీలం తగిలిస్తే మందగిస్తుంది. ఆకాశంలో ఎక్కడా ఉత్త తెలుపు వాడొద్దు. దాచుకోండి.

నాలుగు. దూరపు కొండలు. సూర్యుడి దగ్గర ఉన్న అంచు వెచ్చగా, మసగ్గా. దూరం జరిగేకొద్దీ పావురాయి రంగు. అంచులు పొడి బ్రష్షుతో ఒకసారి మెత్తబరచండి.

ఐదు. నీళ్లు, గట్టు, చివరికి సూర్యుడు. నీళ్లకి వేరే మాట్లాడుకోవాలి.

నీళ్లు

ఆకాశాన్ని తలకిందులు చేసి అతికిస్తే నీళ్లు కావు. నీళ్ల మీదకి నిట్టనిలువుగా చూసినప్పుడు అవి కాంతిలో 2 శాతమే వెనక్కి పంపుతాయి, మిగతాది లోపలికి పోతుంది. చూపు వాలేకొద్దీ అది పెరిగి, దాదాపు నీటికి సమాంతరంగా చూస్తే నూటికి దగ్గరవుతుంది (ఫ్రెనెల్ సూత్రాలు). అందుకే దూరాన ఉన్న నది అద్దంలా మెరుస్తుంది, మన కాళ్ల దగ్గర నీళ్లు ముదురుగా, తమ సొంత రంగుతో ఉంటాయి. కాన్వాస్ మీద దిగంతం దగ్గర నుంచి కిందికి వచ్చేకొద్దీ ముదురు చెయ్యండి. ఈ ఒక్క పని చేస్తే నది నేల మీద పరుచుకుంటుంది. చెయ్యకపోతే గోడలా నిలబడుతుంది.

వెలుగువి నీళ్లలో కాస్త ముదురుగానూ, చీకటివి కాస్త లేతగానూ కనిపిస్తాయి. పడవ నీడ పడవంత నల్లగా ఉండదు. ముందు నిలువు గీతలతో ప్రతిబింబం వేసి, తర్వాత శుభ్రమైన వెడల్పు బ్రష్షుతో అడ్డంగా ఒక్కసారి, తేలిగ్గా లాగండి. రెండోసారి లాగితే బురదే.

బంగారు దారి ఎప్పుడూ సూర్యుడి కింద నిలువునా మన వైపే వస్తుంది. ఒక్కో అల ఒక్కో చిన్న వాలు అద్దం. మన కంటి వైపు సరిగ్గా వాలినవే మెరుస్తాయి. కాబట్టి ఆ దారిని గీతలా వెయ్యకుండా తెగిన అడ్డ ముక్కలుగా వెయ్యండి, దూరాన సన్నగా దగ్గరగా, ముందుకొచ్చేకొద్దీ పెద్దవిగా ఎడంగా.

మిరపకాయల ఎరుపు

మా అమ్మమ్మ వాళ్ల ఊరు పల్నాడు వైపు, కృష్ణకి దగ్గర. మార్చిలో అక్కడ కల్లంలో నిలబడితే నది, నల్లరేగడి, ఆరబోసిన మిరపకాయలు ఒకే చూపులో పడతాయి. ఇంత ఎరుపు దొరికిందని ట్యూబు మొత్తం పిండేయాలనిపిస్తుంది. ఆగి చూడండి.

సూర్యుడున్నంతసేపూ మిరపకాయలు మండుతున్నట్టుంటాయి, ఎర్రటి కాంతి ఎర్రటి వస్తువు మీద పడుతోంది కాబట్టి. బింబం మునిగాక పది, పదిహేను నిమిషాలకి ఒక వింత జరుగుతుంది. ఎరుపు ముందు చచ్చిపోతుంది. కుప్పలు గోధుమ రంగులోకి, తర్వాత దాదాపు నలుపులోకి దిగిపోతాయి. పక్కనున్న మిరప ఆకులూ, పైన నీలం ఆకాశమూ ఇంకా తేలుతూనే ఉంటాయి. మసక వెలుతురులో మన కంటి కణాలు మారి, నీలం, ఆకుపచ్చలకి ఎక్కువ స్పందిస్తాయి. 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే గమనించిన ఈ సంగతికి ఆయన పేరే ఉంది. మా తాతయ్యకి ఆ పేరు తెలియదు. "సందె పడితే తాలుకాయ తెలీదు, ఇంక ఏరటం ఆపండి" అంటాడు. రెండూ ఒకటే పరిశీలన.

కాబట్టి కల్లం వేసేముందు మీ బొమ్మలో టైం ఎంతో తేల్చుకోండి. సూర్యుడు కనిపిస్తుంటే ఎరుపుకి చోటుంది, అదీ ఒకటి రెండు కుప్పల మీదే. మునిగాక అయితే ఇటుక రంగు, వంకాయ రంగు చాలు. నల్లరేగడి కూడా ఆ వేళ నల్లగా ఉండదు; ఆకాశపు నీలం పడి వంకాయ రంగుకి తిరుగుతుంది.

చివరి చుక్క, గ్రేస్కేల్ పరీక్ష

అన్నీ అయ్యాక దాచుకున్న తెలుపు తియ్యండి. దానికి లెమన్ యెల్లో కొసరంత కలిపి, నూనె పొయ్యకుండా, చిక్కగా ఒకే ఒక్క తాకిడి. చుట్టూ అన్నీ తగ్గి ఉన్నాయి కాబట్టి అది వెలుగుతుంది. 1839లో షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, తివాచీల కార్ఖానాలో పనిచేస్తూ, రంగు పక్కనున్న రంగుని బట్టి మారుతుందని పెద్ద పుస్తకమే రాశాడు. నారింజ పక్కన పెట్టిన ఉత్త బూడిద రంగు నీలంగా కనిపిస్తుంది. మీ బొమ్మలో ఉన్న "నీలం" సగం అలా వచ్చిందే.

ఇప్పుడు ఫోన్‌తో ఫోటో తీసి గ్రేస్కేల్ చెయ్యండి. 0.299 × ఎరుపు + 0.587 × ఆకుపచ్చ + 0.114 × నీలం, మనందరం ల్యాబ్‌లో రాసిన లైనే. రంగులు పోయాక కూడా సూర్యుడు ఎక్కడో, నీళ్లు ఎక్కడో, గట్టు ఎక్కడో తెలిస్తే బొమ్మ నిలబడినట్టే. అంతా ఒకే బూడిద అయితే రంగులు మార్చొద్దు, వెలుగు నంబర్లు మార్చండి.

ఈ రూలుని కావాలని దాటినవాడు క్లాడ్ మోనే. 1872లో ఫ్రాన్స్‌లోని ల హావ్ర్ రేవుని వేసిన "ఇంప్రెషన్, సన్‌రైజ్" బొమ్మని గ్రేస్కేల్ చేస్తే సూర్యుడు దాదాపు మాయమవుతాడు. చుట్టూ ఉన్న బూడిద ఆకాశానికీ అతనికీ వెలుగు ఒకటే, తేడా రంగులో మాత్రమే. అందుకే ఆ సూర్యుడు కదులుతున్నట్టు అనిపిస్తాడని చూపు మీద పరిశోధన చేసే మార్గరెట్ లివింగ్‌స్టన్ వివరించారు. మోనే కూడా చేసింది తగ్గించడమే. చుట్టూ ఆకాశాన్నంతా బూడిదలో ముంచాడు, తన సూర్యుడికి తెలుపు కూడా ఇవ్వలేదు.

హాస్టల్లో వేసేవాళ్లకి

అవిసె నూనె అంటిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వెయ్యొద్దు. ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరెయ్యండి, లేదా మూతున్న డబ్బాలో నీళ్లు పోసి ముంచండి. టర్పెంటైన్ వాసన తలనొప్పి తెస్తుంది, కిటికీలు తెరిచి పెట్టండి. మిగిలింది సింకులో పొయ్యొద్దు. బొమ్మ పైపైన ఆరడానికి వారం పైన, వానాకాలం ఇంకా ఎక్కువ. వార్నిష్ ఆరు నెలల తర్వాతే.

మొదటి కాన్వాస్‌కి ముందు ఒక్క సాయంత్రం ఖాళీ చేతులతో వెళ్లండి. ఒక కాగితం, పెన్సిలు చాలు. సూర్యుణ్ణి వదిలేసి మిగతా ఆకాశంలో ఎన్ని రంగులకి తెలుగులో పేరు పెట్టగలరో రాయండి. పేరు దొరకనివి ఇంటికి ఫోన్ చేసి అడగండి. అమ్మకి తెలిసే ఉంటుంది.